రెండు స్టేషన్ల హద్దులో ప్రమాదం, చేతిలో తిరుగు టికెట్టు

నేపథ్యం

గుంటూరులో మోటారు ప్రమాదాల కేసులు వాదించేవారికి, గల్ఫ్‌ నుంచి సెలవు మీద వచ్చి ఇక్కడి రోడ్డు మీద కాలు విరగ్గొట్టుకున్న మనిషి కొత్త కాదు. ఈ కేసును ప్రత్యేకంగా రాయడానికి కారణం వేరే ఉంది. పోలీసులు సహకరించకపోతే కక్షిదారు దృష్టంతా స్టేషన్ మీదే పడుతుంది. స్థానికుడైతే అందులో పెద్ద నష్టం లేదు, ఎప్పటికైనా పని జరుగుతుంది. ఫలానా తేదీకి విమానం ఎక్కాల్సిన మనిషి విషయంలో మాత్రం ఆ కొట్లాటలో పోయే రోజులే అసలు నష్టం. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. స్టేషన్లు, ఆస్పత్రులు, బీమా కంపెనీ ఏవో చెప్పను.

కక్షిదారుది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. వయసు నలభై దాటింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఏసీల మరమ్మతు చేస్తాడు. భవనాల పైకప్పుల మీద, నిచ్చెనల మీద పని. ఏడాదిన్నరకోసారి సెలవు. ఈసారి వచ్చిన రెండో వారంలో, బావమరిది దగ్గర మోటారు సైకిల్ తీసుకుని ఒక్కడే విజయవాడ వెళ్లి తిరిగి వస్తుండగా 16వ నంబరు జాతీయ రహదారి మీద వెనక నుంచి కంకర టిప్పర్ ఢీకొంది. హెల్మెట్ ఉంది కాబట్టి తల దక్కింది. కుడి కాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. వెనక వస్తున్న కారాయన ఆగి, రహదారి సహాయ నంబరు 1033కి ఫోన్ చేసి, 108 వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. వెళ్లేముందు టిప్పర్‌ను, పడి ఉన్న బండిని కలిపి ఫోటో తీసి బావమరిదికి పంపాడు. ఆ ఫోటోలో ఒక మూలన కిలోమీటరు రాయి కూడా పడింది. ఆయన కావాలని తీయలేదు. కేసు చాలావరకు ఆ రాయి మీదే నిలబడింది.

నా దగ్గరికి వచ్చినప్పటి పరిస్థితి

ప్రమాదం జరిగిన చోట రెండు పోలీసు స్టేషన్ల హద్దులు కలుస్తాయి. టిప్పర్‌ను రహదారి గస్తీవాళ్లు మొదటి స్టేషన్‌కు తెచ్చి పెట్టారు. అక్కడికి వెళితే, స్థలం తమ పరిధి కాదన్నారు. రెండో స్టేషన్‌కు వెళితే, బండి ఎక్కడుంటే కేసు అక్కడే కడతారన్నారు. బావమరిది ఈ రెంటి మధ్య తిరుగుతుండగానే టిప్పర్ యజమాని మనిషి ఆస్పత్రికి వచ్చి, ఆపరేషన్ ఖర్చులో కొంత ఇస్తామని, రాజీ కాగితం రాసుకుందామని చెప్పాడు. మొదటి స్టేషన్‌లో ఎస్‌ఐ గారి మాట కూడా అదే దారిలో ఉంది: "మీ బావకు లైసెన్సే లేదటగా. కేసు కడితే ఆయన మీద కూడా కట్టాలి. గల్ఫ్‌ వెళ్లాల్సిన మనిషి, ఎందుకయ్యా ఈ తలనొప్పి?"

కుటుంబాన్ని కదిలించింది ఈ చివరి మాటే. కక్షిదారు ఇండియా లైసెన్సు గడువు కొన్నేళ్ల క్రితమే తీరిపోయింది. ఎమిరేట్స్‌ లైసెన్సు ఉంది గాని, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోలేదు కాబట్టి అది ఇక్కడ చెల్లదు. ఆయనకు కాలు నొప్పి కన్నా పాస్‌పోర్టు భయం ఎక్కువగా ఉంది. కేసు పడితే విమానాశ్రయంలో ఆపేస్తారని పక్క మంచం పేషెంటు బంధువు ఎవరో చెప్పారట.

అప్పటికే జరిగినవి

నన్ను కలవకముందు కుటుంబం మూడు పనులు చేసింది. ఊళ్లో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లారు. ఆయన వెళ్లాక విషయం ఎఫ్‌ఐఆర్ నుంచి రాజీకి ఎంత ఇస్తారన్నదానికి మళ్లింది. పెద్దమనిషి వస్తే బేరం మొదలవుతుందని నా అనుభవం. ఆయన చేయగలిగింది అదొక్కటే కాబట్టి అదే చేస్తాడు. తర్వాత ఆన్‌లైన్‌లో ఒక ఫిర్యాదు పెట్టారు. అది తిరిగి తిరిగి అదే స్టేషన్‌కు చేరి, 'ఫిర్యాదుదారు హాజరు కాలేదు' అన్న జవాబుతో మూతపడింది. ఫిర్యాదుదారు కాలికి రాడ్డు వేయించుకుని మంచం మీద ఉన్నాడు మరి. మూడోది, బావమరిది పేర జనరల్ పవరాఫ్ అటార్నీ రాయించారు. ఇక తాను వెళ్లిపోయినా అన్నీ బావమరిది చూసుకుంటాడని కక్షిదారు ధీమా.

ఈ మూడో దానితోనే ఎక్కువ ప్రమాదం. పవరాఫ్ అటార్నీ ఉన్నవాడు వకాల్తా మీద సంతకం పెట్టగలడు, పిటిషన్ వేయగలడు, నకళ్లు తీసుకోగలడు. తాను చూడని సంగతికి సాక్ష్యం మాత్రం చెప్పలేడు. జానకీ వాష్‌దేవ్ భోజ్వానీ కేసులో సుప్రీంకోర్టు 2004లోనే ఈ విషయం తేల్చింది. బావమరిది బోనెక్కితే అవతలి న్యాయవాదికి ఒక్క ప్రశ్న చాలు: ప్రమాదం జరిగినప్పుడు మీరక్కడ ఉన్నారా?

కాబట్టి మొదటి రోజు కాగితం మీద రెండు గళ్లు గీశాను. కక్షిదారు స్వయంగా ఇక్కడ ఉంటేనే అయ్యేవి ఒక వైపు, ఆయన లేకపోయినా అయ్యేవి మరో వైపు. ఎఫ్‌ఐఆర్ కోసం తిరగడం రెండో గడిలోకి వెళ్లింది. బావమరిదికి ఇది రుచించలేదు. "ముందు వాళ్ల సంగతి తేల్చాలి కదా సార్" అన్నాడు. ఎఫ్‌ఐఆర్ ఎంత ముఖ్యమైనా అది లేకపోతే క్లెయిమ్ పోతుందన్నది నిజం కాదు. ప్రమాద పరిహార ట్రిబ్యునల్ నేరాన్ని అనుమానానికి తావు లేకుండా రుజువు చేయమనదు. ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తుంది. సెలవు రోజులు మాత్రం పోతే తిరిగి రావు.

ఎఫ్‌ఐఆర్

రెండు స్టేషన్లలో ఎవరిది తప్పు అన్న ప్రశ్నను పక్కన పెట్టి, వాళ్లు ఎందుకు కట్టడం లేదో చూశాను. మొదటి స్టేషన్ కేసు కడితే వాహనం సీజు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తనిఖీ, సాక్షుల వాంగ్మూలాలు, తర్వాత కోర్టు వాయిదాలు. అదంతా తమ హద్దులో జరగని ప్రమాదానికి. యజమాని తొందర ఇంకోటి. తనిఖీ అయ్యేదాకా టిప్పర్ ఆగిపోతే రోజుకింత నష్టం. పరిహారం ఎలాగూ బీమా కంపెనీ ఇస్తుంది కాబట్టి ఆయన భయం కోర్టు గురించి కాదు, ఆగిన బండి గురించి. ఇది అర్థమయ్యాక, స్టేషన్లో కూర్చుని వాదించడం వల్ల ఎవరి లెక్కా మారదని తెలిసింది. లెక్క మారాలంటే కట్టకపోవడం కట్టడం కన్నా కష్టం కావాలి.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 173వ సెక్షన్ ప్రకారం, కేసు కట్టదగ్గ నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఈమెయిల్‌లో ఇస్తే మూడు రోజుల్లో సంతకం చేయాలి. హద్దు కాదన్న మాటకు ఇక చోటు లేదు. కేసు కట్టి, తర్వాత బదిలీ చేసుకోవాలి. కట్టదగ్గ నేరమైతే కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే చెప్పింది.

ఆస్పత్రికి దగ్గర్లో ఉన్న మూడో స్టేషన్‌లో ఇచ్చేద్దామా అని కూడా ఆలోచించాం. చట్టం ఒప్పుకుంటుంది. అయితే టిప్పర్ మొదటి స్టేషన్ ఆవరణలో ఉంది. కాగితాలు మూడు చోట్ల తిరిగేలోపు తనిఖీ లేకుండా అది బయటికి పోవచ్చు. అందుకే మొదటి స్టేషన్‌కే రాశాం. కక్షిదారు మంచం మీద సంతకం చేసిన ఫిర్యాదును బావమరిది తీసుకెళ్లాడు, తీసుకున్నట్టు ముద్ర వేయలేదు. అదే రోజు కక్షిదారు సొంత ఈమెయిల్ నుంచి రెండు స్టేషన్లకూ పంపాడు, ఒక ప్రతి స్పీడ్ పోస్టులో వెళ్లింది. తర్వాత 173వ సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం కింద ఎస్పీకి లిఖితపూర్వకంగా. రెండు స్టేషన్లూ ఆయన కిందివే, కాబట్టి హద్దు తేల్చగలిగిన మొదటి మనిషి ఆయనే. సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ఫిర్యాదుల పరిష్కార వేదికలో కక్షిదారు భార్య స్వయంగా ఆ కాగితం ఇచ్చింది. అక్కడ ఇస్తే నంబరు పడుతుంది, జవాబు రాయాల్సి వస్తుంది. ఆమె పోలీసులను ఏమీ అనలేదు. కిలోమీటరు రాయి కనిపించే ఫోటో చూపించి, ఇది ఏ స్టేషన్‌దో చెప్పండి అని మాత్రం అడిగింది.

ఆ వారంలోనే మొదటి స్టేషన్ కేసు కట్టి రెండో స్టేషన్‌కు పంపింది. ఇది జరగకపోతే ప్రమాణపత్రంతో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లడానికి 175వ సెక్షన్ కింద పిటిషన్ సిద్ధంగానే ఉంచాను. అది పని చేసే దారే గాని, అందులో వాయిదాలు ఉంటాయి. అందుకే ముందు దాని జోలికి పోలేదు.

లైసెన్సు సంగతికి వస్తాను. ఫిర్యాదులో దాన్ని దాచకుండా, నా లైసెన్సు గడువు ఫలానా తేదీన తీరింది అని రాయించాను. బావమరిది తల పట్టుకున్నాడు. దాచిన విషయం ఎదుటివాడి చేతిలో బెదిరింపు, మనమే రాసినది ఒక చలానా. మోటారు వాహనాల చట్టం 181వ సెక్షన్ కింద అయిదు వేల జరిమానా కట్టాడు, ఆ ముచ్చట అక్కడితో ముగిసింది. జరిమానాతో తీరిపోయిన తప్పు మీద పెండింగు కేసు ఉండదు. ఎఫ్‌ఐఆర్‌లో ఆయన బాధితుడు, నిందితుడు కాడు. ప్రయాణానికి అడ్డమేమీ లేదని నేను చెప్పినా ఆయన పూర్తిగా నమ్మలేదు. విమానాశ్రయంలో ముద్ర పడ్డాకే నమ్మాడని తర్వాత భార్య చెప్పింది.

మొదట నమోదైంది మామూలు గాయం సెక్షన్ కింద. ఎముక విరిగితే అది తీవ్ర గాయం. ఆస్పత్రి గాయాల సర్టిఫికెట్ అందాక భారతీయ న్యాయ సంహిత 125(బి) కిందికి మారుస్తూ దర్యాప్తు అధికారి కోర్టుకు మెమో వేయాలి. చాలా కేసుల్లో ఎవరూ అడగరు కాబట్టి ఇది ఛార్జిషీటు దాకా అలాగే ఉండిపోతుంది. మేము రాతపూర్వకంగా అడిగాం, మార్చారు.

ఆస్పత్రి కాగితంలో ఒక వాక్యం

ఈ కేసులో నాకు నిద్ర పట్టనివ్వనిది పోలీసుల వ్యవహారం కాదు. ప్రైవేటు ఆస్పత్రి కేస్ షీటు మొదటి పేజీలో, నీలం సిరాతో, 'బండి జారి పడినట్టు చెప్పారు' అని ఉంది. చేర్పించిన పొరుగాయన, పోలీసు కేసంటే ఆపరేషన్ ఆలస్యమవుతుందని భయపడి అలా చెప్పాడు. మంచి ఉద్దేశమే. బీమా కంపెనీకి మాత్రం అంతకన్నా మంచి వాక్యం దొరకదు.

ఆ వాక్యం మార్పించమని కుటుంబంలో ఒకరు అడిగారు. వద్దన్నాను. కొట్టివేసి తిరగరాసిన కేస్ షీటు బోనులో డాక్టరును ముంచుతుంది, మనల్నీ ముంచుతుంది. దాన్ని అలాగే ఉంచి, దానికన్నా ముందు పుట్టిన కాగితం వెతికాం. 108 వాహనం ఆయనను మొదట ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడి యాక్సిడెంట్ రిజిస్టరులో 'లారీ ఢీకొని' అని రాసి ఉంది. టిప్పర్‌ను లారీ అన్నారు, ఫరవాలేదు. రెండు రాతల మధ్య కొన్ని గంటల తేడా. కక్షిదారు స్పృహలో ఉండి స్వయంగా చెప్పినది ముందుది, పొరుగాయన చెప్పినది తర్వాతది. ప్రభుత్వ ఆస్పత్రి రిజిస్టరు ధ్రువీకరించిన నకలు తీసుకున్నాం. 1033కి ఫోన్ వచ్చిన సమయం, స్థలం నమోదు కోసం రహదారి నిర్వహణ కార్యాలయానికి ఉత్తరం రాశాం. ఇలాంటి నమోదులు ఎంతకాలం ఉంచుతారో ఎవరి హామీ ఉండదు కాబట్టి ఈ ఉత్తరం ఎఫ్‌ఐఆర్ కన్నా ముందే వెళ్లింది.

విమానం ఎక్కేలోపు

ఎమిరేట్స్‌ నివాస వీసా ఉన్నవారు సాధారణంగా ఆరు నెలలకు మించి బయట ఉంటే వీసా రద్దవుతుంది. కంపెనీ అంతకన్నా ముందే పిలిచింది. ఎముక అతికేదాకా వైకల్యం ఎంతో మెడికల్ బోర్డు తేల్చదు, అతికేదాకా ఈయన ఆగలేడు. సెలవు పొడిగించుకోమని చెప్పడం తేలికే. ఉద్యోగం పోతే పరిహారంలో ఆ నష్టం మొత్తం వస్తుందన్న భరోసా నేను ఇవ్వలేను. వెళ్లమన్నాను. వైకల్యం లెక్క వచ్చే సెలవుకు వాయిదా వేసుకున్నాం.

అందుకు బదులుగా ఉన్న రోజుల్లో చేయాల్సినవి చేశాం. దర్యాప్తు అధికారి ఇంటికి వచ్చి వాంగ్మూలం తీసుకున్నాడు. వకాల్తా, పిటిషన్ మీద కక్షిదారే సంతకం పెట్టాడు. ఎక్స్‌రే ఫిల్ములు, మందుల బిల్లులు, డిశ్చార్జి పత్రం అసలువి ఇక్కడే ఉంచి, నకళ్లు ఆయనకిచ్చాం. మామూలుగా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. అక్కడి డాక్టరుకు చూపించాలని అసలు ఫిల్ములు సూట్‌కేసులో వెళ్లిపోతాయి. ఆపరేషన్‌కు ముందు తీసిన ఎక్స్‌రే రెండోసారి తీయలేం.

పరిహారానికి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పిటిషన్ ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. బాధితుడి నివాసం ఉన్న చోట వేయవచ్చు. గుంటూరులో వేశాం. 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలన్న గడువు ఉంది. ఆ గడువు మీద కోర్టుల్లో వాదాలు నడుస్తున్నాయి. విదేశంలో ఉన్న మనిషి ఆ వాదంలో భాగం కావాల్సిన అవసరం ఏముంది? ఇక అదే తేదీ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులే 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో సవివర నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. మా కేసులో మొదటిది ఆలస్యంగా వచ్చింది, రెండోది రానేలేదు. దాని కోసం ఎదురుచూసి ఉంటే గడువు దాటేది.

ట్రిబ్యునల్లో

బీమా కంపెనీ కౌంటరులో, అంటే మా పిటిషన్‌కు రాసిన జవాబులో, మూడు మాటలున్నాయి: జారి పడ్డాడు, లైసెన్సు లేదు కాబట్టి తప్పులో వాటా ఉంది, గల్ఫ్‌ జీతం రుజువు కాలేదు. మొదటిదానికి ప్రభుత్వ ఆస్పత్రి రిజిస్టరు, ఫోటో, 1033 నమోదు సమాధానమిచ్చాయి. రెండోదానికి సుధీర్ కుమార్ రాణా కేసులో 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. లైసెన్సు లేకపోవడం వేరు, ఆ ప్రమాదానికి నిర్లక్ష్యంతో కారణం కావడం వేరు. వెనక నుంచి గుద్దించుకున్నవాడి లైసెన్సు ప్రమాదానికి కారణం ఎలా అవుతుంది? జీతం విషయంలో కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. అక్కడి విదేశాంగ శాఖ ధ్రువీకరణ, ఆపైన మన కాన్సులేట్ ముద్ర కావాలి, ఎందుకంటే ఒక్క ముద్రతో దేశాల మధ్య కాగితాలు చెల్లే అపోస్టిల్ ఒప్పందంలో ఎమిరేట్స్‌ లేదు. దానికి తోడుగా జీతం పడిన బ్యాంకు ఖాతా పత్రాలు, నెలనెలా ఇంటికి పంపిన డబ్బు లెక్క జోడించాం. జడ్జిగారు ఎక్కువసేపు చూసింది ఆ నెలవారీ లెక్కనే.

కక్షిదారు సాక్ష్యాన్ని ప్రమాణం మీద రాసిన చీఫ్ అఫిడవిట్ కాన్సులర్ అధికారి ముందు సంతకం చేయించి తెప్పించాం. క్రాస్, అంటే అవతలి న్యాయవాది ప్రశ్నించడం, ఎలా అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. వీడియో ద్వారా సాక్ష్యం చెల్లుతుందని ప్రఫుల్ దేశాయ్ కేసు నుంచి, అంటే 2003 నుంచి సందేహం లేదు. అయినా నేను దాన్ని రెండో దారిగానే ఉంచాను. ఎక్స్‌రేలు, బిల్లులు చూపిస్తూ అడిగే ప్రశ్నలకు తెర మీద జవాబు తడబడుతుంది. పైగా ఈ మనిషి కోర్టు హాల్లో నడిచి రావడమే ఒక సాక్ష్యం. తిరుగు టికెట్టు నకలు జతచేసి, ఆయన సెలవులో వరుస వాయిదాలు ఇవ్వాలని మెమో వేస్తే ట్రిబ్యునల్ ఒప్పుకుంది. అదే సెలవులో మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాడు. బోర్డు చెప్పేది కాలి వైకల్యం శాతం. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు, 2010, అడగమనేది సంపాదించే శక్తి ఎంత పోయిందని. కూర్చుని పని చేసేవాడికి ఆ శాతం ఒక లెక్క, నిచ్చెన ఎక్కేవాడికి వేరే లెక్క. ఆయనను కంపెనీ స్టోరు పనికి మార్చి జీతం తగ్గించిన ఉత్తరం ఇక్కడ పనికొచ్చింది.

చివరికి జాతీయ లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. మేము అడిగిన దానికన్నా తక్కువే. వాదించి గెలిస్తే ఎక్కువ వచ్చేదని నా అంచనా. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. ట్రిబ్యునల్ తీర్పయితే బీమా కంపెనీ హైకోర్టుకు వెళ్లవచ్చు, అప్పుడు మళ్లీ కాగితాలు, కాన్సులేట్, టికెట్లు. కక్షిదారు ఒక్క ప్రశ్న వేశాడు: "ఇక దీని కోసం సెలవు పెట్టాల్సిన పని ఉండదుగా సార్?" ఉండదన్నాను. ఒప్పుకున్నాడు. స్టేషన్లో రాజీకి ఇస్తామన్న మొత్తానికి, దీనికి పోలికే లేదు.

ఇప్పుడు నేను అడిగే ప్రశ్నలు

విదేశంలో ఉండే కక్షిదారు వస్తే, ఎఫ్‌ఐఆర్ అయిందా అని కాదు, తిరుగు ప్రయాణం ఎప్పుడని ముందు అడుగుతున్నాను. తర్వాత మొదట చేర్చిన ఆస్పత్రి ఏదని, అక్కడ మాట్లాడింది ఎవరని. ప్రమాద స్థలంలో ఫోటో తీసేవారికి రోడ్డు పక్క రాయో బోర్డో పడేలా తీయమని చెబుతున్నాను. దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లో బాధితుడికి ఎలక్ట్రానిక్ పద్ధతిలోనైనా తెలపాలని నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, ఫిర్యాదులోనే ఆయన విదేశీ ఫోన్ నంబరు, ఈమెయిల్ రాయిస్తున్నాను. చేస్తారా అంటే, అడిగినచోట కొంతవరకు చేస్తున్నారు.

బ్యాంకు సంగతి కూడా ముందే చూస్తున్నాను. ఈ కేసులో అవార్డు వచ్చాక డబ్బు జమ చేయడానికి ఇచ్చిన పాస్‌బుక్కు, ఆయన ఊరు వదలకముందు తెరిచిన మామూలు పొదుపు ఖాతాది. ప్రవాసికి ఆ ఖాతా ఉండకూడదు. విదేశీ సంపాదన కోసం ఉండే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఇక్కడి రూపాయలు వేయరు. ప్రవాసులు ఇక్కడి డబ్బు వేసుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చడానికి ఆయన సంతకాలు మళ్లీ సముద్రం దాటి రావాల్సి వచ్చింది, బీమా కంపెనీ జమ చేసిన మొత్తం అప్పటిదాకా కోర్టు ఖాతాలోనే ఉండిపోయింది. ఇప్పుడు వకాల్తాతో పాటే ఎన్‌ఆర్‌ఓ ఖాతా పుస్తకం నకలు తీసుకుంటున్నాను.